రైలు పనుల్లో స్వదేశీ సరుకు: మినహాయింపు ఎప్పుడు, ఎవరికి?

తిరుపతి: తిరుపతి–పాకాల–కాట్పాడి ఒంటి లైనును జంట లైనుగా మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. పొడవు 104 కిలోమీటర్లు, అంచనా వ్యయం సుమారు రూ. 1,332 కోట్లు. తిరుమల, కాణిపాకం యాత్రికులకే కాక, వేలూరు ఆసుపత్రికి వెళ్ళే రోగులకు కూడా ఇది ముఖ్యమైన దారి. ఇంత పనిలో వాడే సరుకు ఎక్కడిదై వుండాలి, ఏ పరిస్థితిలో విదేశీ సరుకును అనుమతిస్తారు అన్నది చిత్తూరు, తిరుపతి జిల్లాల వర్తకులు, చిన్న కాంట్రాక్టర్లు తెలుసుకోవలసిన విషయం.

ముందు పరిమాణం చూద్దాం. ఇప్పుడు వాడుకలో వున్న పట్టా మీటరుకు 60 కిలోల బరువు. కిలోమీటరు లైనుకు రెండు పట్టాలు కలిపి 120 టన్నులు. 104 కిలోమీటర్లకు 12,480 టన్నులు కావాలి. స్టేషన్లలోని లూపు లైన్లు దీనికి అదనం. కిలోమీటరుకు 1,660 చొప్పున కాంక్రీటు స్లీపర్లు 1 లక్షా 72 వేలకు పైబడతాయి. పట్టాలను కాంట్రాక్టరు బజారులో కొనడు. రైల్వేయే ఉక్కు కర్మాగారాల నుంచి, ప్రధానంగా భిలాయ్ నుంచి తెప్పించుకుంటుంది. స్థానిక బజారుకు మిగిలేది వంతెనలకు, కట్టడాలకు కావలసిన కడ్డీలు, సిమెంటు, కంకర, గ్రానైటు, పైపులు, విద్యుత్ సామగ్రి.

అసలు నిబంధన

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళలో స్వదేశీ సరుకుకు ప్రాధాన్యమిస్తూ 2017 జూన్ 15న ఒక ఉత్తర్వు వెలువడింది. తరువాత పలుమార్లు దీనిని సవరించారు. సరుకు విలువలో 50 శాతం లేక అంతకు మించి దేశంలోనే చేకూరితే ఆ సరఫరాదారు మొదటి తరగతి. 20 శాతం నుంచి 50 శాతం లోపు అయితే రెండవ తరగతి. 20 శాతం కూడా లేనివారు గ్లోబల్ టెండరు పిలిచినప్పుడు మాత్రమే పోటీకి రాగలరు. రూ. 200 కోట్ల లోపు కొనుగోలుకు పై అధికారుల ప్రత్యేక అనుమతి లేనిదే గ్లోబల్ టెండరు పిలవరాదని 2020లో కట్టడి చేశారు.

ప్రాధాన్యం అంటే ఎక్కువ ధర ఇవ్వడమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉదాహరణకు ఒక సరుకుకు అతి తక్కువ కొటేషను టన్ను రూ. 50,000 వచ్చిందనుకుందాం, అది మొదటి తరగతి వారిది కాదు. మొదటి తరగతి సరఫరాదారు రూ. 58,000 వేశాడు. తేడా 20 శాతం లోపు, అంటే రూ. 60,000 దాటలేదు గనుక అతనిని పిలిచి, రూ. 50,000కే ఇవ్వగలవా అని అడుగుతారు. సరేనంటే సగం ఆర్డరు అతనిది. విడదీయడానికి వీలులేని పనైతే మొత్తం అతనిదే. అందుచేత ఖజానాపై భారం పడదు. రూ. 8,000 తగ్గించుకోగల శక్తి వుందా లేదా అన్నది ఉత్పత్తిదారు చూసుకోవలసిన లెక్క.

మినహాయింపులు

మొదటిది చిన్న కొనుగోలు. అంచనా విలువ రూ. 5 లక్షల లోపు వుంటే ఉత్తర్వు వర్తించదు. అయితే పెద్ద కొనుగోలును ఇందుకోసం ముక్కలు చేయరాదు.

రెండవది మంత్రి ఆమోదంతో ఇచ్చేది. సంబంధిత శాఖ కారణాలను కాగితం మీద పెట్టి స్వదేశీ వాటా పరిమితిని తగ్గించవచ్చు, 20 శాతం తేడాను కుదించవచ్చు, లేదా ఒక సరుకును పూర్తిగా తప్పించవచ్చు.

మూడవది సాంకేతిక సహకారం. విదేశీ సంస్థ లైసెన్సుతో ఇక్కడ తయారుచేస్తూ, స్వదేశీ వాటాను దశలవారీగా పెంచే ఒప్పందం వున్నవారికి సడలింపు దొరుకుతుంది.

ఇనుము, ఉక్కు సరుకులకు ఉక్కు మంత్రిత్వ శాఖ 2017 మేలో ప్రత్యేక విధానం తెచ్చింది. ఇందులో మినహాయింపుకు రెండే దారులు: కావలసిన రకం ఉక్కు దేశంలో తయారు కాకపోవడం, లేదా పనికి కావలసినంత పరిమాణం దేశంలో దొరకకపోవడం. ధర ఎక్కువన్న కారణం ఈ రెండింటిలో లేదు.

విదేశీ అప్పుతో సాగే పనులది వేరే దారి. అప్పు ఇచ్చేవారి షరతులే అక్కడ నడుస్తాయి. పశ్చిమ సరకు రవాణా కారిడారుకు జపాను ఇచ్చిన రుణంలో కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం జపాను సరుకులు, సేవలు వుండాలన్న నిబంధన ఇందుకు నిదర్శనం. చౌక వడ్డీకి ప్రతిఫలం ఆ రూపంలో చెల్లించవలసి వచ్చింది.

పట్టాల పాఠం

కొరత పేరిట తలుపు తెరిస్తే ఏమవుతుందో పట్టాల వ్యవహారమే చెబుతుంది. పాత పట్టాల మార్పిడి వేగం పెరిగి, భిలాయ్ సరఫరా చాలక, 2017 చివర రైల్వే గ్లోబల్ టెండరుకు వెళ్ళింది. పరిమాణం దాదాపు 4.87 లక్షల టన్నులు. 2018లో ఇందులో సుమారు 1 లక్ష టన్నుల ఆర్డరు రాయగఢ్‌లో పట్టాలు తయారుచేసే జిందాల్ సంస్థకు దక్కింది. విదేశాల వైపు చూసిన కొనుగోలుదారుకు మరొక సరఫరాదారు ఇంటిలోనే దొరికాడన్నమాట. సరుకు లేదని తేల్చే ముందు ఎంత మందిని అడిగారన్నది అందుకే ముఖ్యం.

అమెరికాలోనూ ఇటువంటి నిబంధనలు వున్నాయి. 2021 నవంబరు చట్టం ప్రకారం ఫెడరల్ సొమ్ముతో కట్టే పనుల్లో ఇనుము, ఉక్కు, ఇతర నిర్మాణ సామగ్రి అక్కడివే కావాలి. మినహాయింపుకు మూడు కారణాలు: ప్రజాప్రయోజనం, సరుకు తగినంత దొరకకపోవడం, స్వదేశీ సరుకు వాడితే మొత్తం ఖర్చు 25 శాతానికి మించి పెరగడం. సిమెంటు, రాయి, ఇసుక, కంకరలను నిర్మాణ సామగ్రి నిర్వచనం నుంచే తప్పించారు. ధరను బాహాటంగా కారణంగా ఒప్పుకోవడం అక్కడి పద్ధతికీ మన ఉక్కు విధానానికీ మధ్య వున్న పెద్ద తేడా.

స్థానికులకు వర్తించేది

కంకర, గ్రానైటు, ఇటుకలకు స్వదేశీ వాటా సమస్యే కాదు. కుప్పం రాయి కుప్పంలోనే పుట్టింది గదా. చిక్కంతా ఉక్కు, విద్యుత్, సిగ్నలింగు సామగ్రితోనే. చెన్నైలోని డీలరు వద్ద కొన్నంత మాత్రాన దిగుమతి సరుకు స్వదేశీ కాదు. 2024 జూలై సవరణ దీనిని స్పష్టం చేసింది. రవాణా, బీమా, బిగింపు, మరమ్మతు ఖర్చులను స్వదేశీ వాటాలో చూపడానికి వీలులేదు. ఉక్కును దేశంలోనే కరిగించి పోత పోయాలన్న షరతు 2025 ఉక్కు విధానంలో చేరింది గనుక, విదేశీ బిల్లెట్లు తెచ్చి ఇక్కడ కడ్డీలుగా సాగదీస్తే చాలదు.

వాటాను టెండరు వేసేవారే ధ్రువీకరించాలి. రూ. 10 కోట్లు దాటితే ఆడిటరు లేక కాస్ట్ అకౌంటెంటు సర్టిఫికెట్టు కావాలి. తప్పుడు ధ్రువీకరణకు రెండేళ్ళ వరకు టెండర్ల నుంచి బహిష్కరణ. పెద్ద కాంట్రాక్టరుకు రెండేళ్ళు ఒక నష్టం. రైల్వే పని ఒక్కదానినే నమ్ముకున్న చిన్న సరఫరాదారుకు అది దుకాణం మూతే.

ఈ ఉత్తర్వు కేంద్ర కొనుగోళ్ళకు, కేంద్రం సొమ్ము పూర్తిగానో కొంతగానో కలిసిన పథకాలకు వర్తిస్తుంది. రాష్ట్రం పూర్తిగా సొంత నిధులతో కట్టే బస్సు డిపో దీని కిందికి రాదు. కనుక కొటేషను వేసే ముందు పనికి నిధులెవరివో విచారించాలి. సరుకు కొన్న ప్రతి అంచెలో మూలం తెలిపే బిల్లు, మిల్లు సర్టిఫికెట్టు తీసుకుని భద్రపరచాలి. మినహాయింపును కోరవలసింది కొనుగోలు చేసే శాఖ; ఇవ్వవలసింది మంత్రిత్వ శాఖ. అది వస్తుందన్న భరోసాతో ముందే విదేశీ సరుకు నిల్వ వేసుకోవడం వర్తకునికి క్షేమం కాదు.