నీలి వెలుగులో ఎర్రటి మచ్చ

తెర మీద మూత్రాశయం లోపలి గోడ కనిపిస్తోంది. లేత గులాబీ రంగు, దాని మీద ఆకు ఈనెల్లా అల్లుకున్న సన్నటి రక్తనాళాలు. ఒక మూల కాస్త ఎర్రబారి ఉంది. వాపేమో అనిపించేంత, అంతే. యూరాలజిస్టు బటన్ నొక్కగానే తెల్లటి వెలుగు పోయి నీలి వెలుగు వచ్చింది. గోడంతా నీలం. ఆ మూల మాత్రం బూడిద చాటున రాజుకున్న నిప్పులా ఎర్రగా మెరుస్తోంది.

అది కార్సినోమా ఇన్ సైటు అనే క్యాన్సర్. మామూలు గడ్డలు గోడ నుంచి పైకి లేచి, లోపల నింపిన నీళ్లలో నాచులా ఊగుతూ కనబడతాయి. ఇది లేవదు, పొరలోనే పరుచుకుంటుంది. వదిలేస్తే కండరంలోకి దిగే గుణం మాత్రం దీనికే ఎక్కువ.

మూత్రాశయ క్యాన్సర్ బయటపడినప్పుడు సుమారు నలుగురిలో ముగ్గురికి అది ఇంకా కండరం దాకా వెళ్లి ఉండదు. మూత్రనాళం గుండా పరికరం పంపి, కరెంటుతో వేడెక్కే తీగ ఉంగరంతో గడ్డను గీకి తీసేస్తారు. కొన్నాళ్లకు చాలామందికి మళ్లీ వస్తుంది. రోగి కుంగిపోతాడు. ఇలా మళ్లీ వచ్చినవాటిలో కొన్ని నిజానికి కొత్తగా పుట్టినవి కావు. మొదటిసారి కంటికి ఆనక మిగిలిపోయినవే. అందుకే ఈ జబ్బులో ఏ వెలుగులో చూశామన్నది కత్తి పనితనమంత ముఖ్యమని నేను నమ్ముతాను.

ఈ వెలుగు కోసం వెతుకులాట పాతదే. 1806లో ఫిలిప్ బొజ్జీని కొవ్వొత్తి వెలుగును గొట్టంలోంచి శరీరం లోపలికి పంపి చూశాడు. 1877లో మాక్సిమిలియన్ నిట్జె ఎర్రగా కాలిన ప్లాటినం తీగనే మూత్రాశయంలోకి దించాడు. లోపల కాలకుండా దాని చుట్టూ చల్లటి నీళ్లు పారించాడు.

నేటి నీలి వెలుగు పద్ధతికి మూలం మన రక్తంలోనే ఉంది. హిమోగ్లోబిన్‌కు కావలసిన హీమ్ అనే పదార్థాన్ని కణాలు మెట్టుమెట్టుగా తయారుచేసుకుంటాయి. ఆఖరి మెట్టుకు ముందు పుట్టేది ప్రోటోపార్ఫిరిన్. దానికి ఇనుము తోడైతే హీమ్ అవుతుంది. ఆపరేషన్‌కు సుమారు గంట ముందు హెక్సామినోలెవులినేట్ అనే మందును 50 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపి క్యాథెటర్ ద్వారా మూత్రాశయంలో నింపుతారు. అది ఈ తయారీకి ముడిసరుకు. మామూలు కణాలు దాన్ని తేలిగ్గానే సర్దుకుంటాయి. క్యాన్సర్ కణాల్లో ప్రోటోపార్ఫిరిన్ పేరుకుపోతుంది. నీలి కాంతిని పీల్చుకుని ఎర్రటి కాంతిని వెదజల్లేది అదే. ఈ మందుకు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది.

మందేమీ లేకుండా చూసే పద్ధతి నారోబ్యాండ్ ఇమేజింగ్. 415, 540 నానోమీటర్ల కాంతిని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది కాబట్టి గడ్డకు కొత్తగా మొలిచిన రక్తనాళాలు ముదురు రంగులో తేలుతాయి. లోతు తెలియాలంటే ఎంఆర్ఐ కావాలి. కండరం అందులో నల్లటి గీతలా పడుతుంది. గీత ఎక్కడైనా తెగితే జబ్బు లోపలికి దిగిందన్న అనుమానం బలపడుతుంది.

అయితే ఇవన్నీ రోగి డాక్టరు దగ్గరికి వెళ్లాకే. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా పడుతుంది, రెండు రోజుల్లో దానంతటదే ఆగిపోతుంది. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగి ఊరుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లలోనైతే అలా ఊరుకోవడం మరీ ప్రమాదం. ఆగిపోయిన రక్తానికి కూడా పరీక్ష చేయించాలి.

నీలి వెలుగు పొరబడదా అంటే, పడుతుంది. వాపున్న చోటా ఎరుపు కనిపిస్తుంది. మన భుజం మీద మచ్చ మిగిల్చే బీసీజీ టీకానే 1970ల నుంచి మూత్రాశయంలోకి ఎక్కించి ఈ క్యాన్సర్‌కు చికిత్స చేస్తున్నారు. అది గోడను వాచేలా చేస్తుంది కాబట్టి ఆ తర్వాత కొంతకాలం ఎర్రటి మెరుపును పూర్తిగా నమ్మలేరు. క్యాన్సరా కాదా అన్నది ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూశాకే తేలుతుంది.

గడ్డ తీశాక, పరికరం బయటికి తీయకముందు, యూరాలజిస్టు నెత్తురు కడిగేసి బటన్ మరోసారి నొక్కుతారు. గాయం చుట్టూ నీలమే. అంచున ఒక చోట మాత్రం గింజంత ఎరుపు. తీగ ఉంగరం మళ్లీ అటు తిరుగుతుంది.