నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇంటికొచ్చాక ఎందుకు వాడిపోతుంది?

కడియపులంక నర్సరీల్లో కళకళలాడిన క్రోటన్, మన ఇంటికొచ్చిన కొద్ది రోజులకే ఆకులు రాల్చేస్తుంది. ఎందుకు?

అక్కడ అది షేడ్‌నెట్ కింద, పలచని ఎండలో, తేమగాలిలో పెరిగింది. ఆకు ఏ వెలుగులో పెరిగితే ఆ వెలుగుకే అలవాటు పడుతుంది. దాన్ని తెచ్చి నేరుగా మేడ మీద పెడితే మాడిపోతుంది, గది మూలన పెడితే పాలిపోతుంది. అందుకే తెచ్చిన మొక్కను వారం పది రోజులు వరండా నీడలో ఉంచి, తర్వాత మెల్లగా దాని చోటికి జరపాలి.

ఏ మొక్క కొనాలి?

ముందు చోటు చూసుకోండి, మొక్క సంగతి తర్వాత. పగటిపూట లైటు వేయకుండా పేపరు చదవగలిగే గదిలో మనీప్లాంట్, స్నేక్‌ప్లాంట్, జెడ్‌జెడ్ బతుకుతాయి. ఉదయపు ఎండ తగిలే బాల్కనీకి క్రోటన్, ఆరెకా పామ్ నప్పుతాయి. వెలుగు చాలకపోతే క్రోటన్ రంగులు పోయి ఉత్త ఆకుపచ్చగా మారుతుంది. రోజుకు ఆరు గంటలు ఎండ పడితేనే మందారం, కాగితప్పూలు, అడీనియం కొనండి. అడీనియం పాలు విషం, పసిపిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టాలి.

రోజూ నీళ్లు పోస్తున్నా ఎందుకు చస్తోంది?

చాలాసార్లు ఆ నీళ్లవల్లే. వేళ్లకూ గాలి కావాలి. మట్టి రేణువుల సందుల్లో ఎప్పుడూ నీరే నిలిస్తే వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కనుక తడిమట్టిలోనే ఆకులు వాలిపోతాయి. దాహమేమోనని మనం ఇంకా పోస్తాం! వేలు రెండు కణుపుల లోతున గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే, అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. స్నేక్‌ప్లాంట్, జెడ్‌జెడ్‌లకైతే మట్టి పూర్తిగా ఆరాలి. మట్టికుండీ గోడల గుండా తేమ ఆరిపోతుంది, ప్లాస్టిక్ కుండీలో నిలిచిపోతుంది. రెండింటికీ ఒకే లెక్క కుదరదు.

కుండీ అడుగున గులకరాళ్లు వేయాలా?

వద్దు. మెత్తని మట్టి బాగా నానిపోయేదాకా నీటిని కింది రాళ్లలోకి వదలదు. దాంతో తడిపొర పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు బోర్లిస్తే చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే నీరు దానంతటదే దిగిపోతుంది.

కాగితప్పూల మొక్క ఏపుగా పెరిగినా పూయదేం?

నీళ్లు, నత్రజని ఎక్కువైతే అది ఆకులకే బలం పెడుతుంది. మంచి ఎండలో ఉంచి, ఆకులు కాస్త వాలేదాకా నీళ్లు ఆపి, ఆ తర్వాత పోయండి. కుండీ కూడా మరీ పెద్దది అక్కర్లేదు. వేళ్లు ఇరుక్కున్నప్పుడే అది బాగా పూస్తుంది.