సన్‌మైకాలో మైకా లేదు: ఇంటీరియర్స్‌పై అపోహలు – వాస్తవాలు

మా మామగారిది గూడూరు వైపు. అభ్రకం (మైకా) గనుల మధ్య పెరిగిన మనిషి. మా ఫ్లాట్‌లో కప్‌బోర్డుల పని నడుస్తున్నప్పుడు చూడ్డానికొచ్చి, కార్పెంటర్ నేలమీద పరిచిన సన్‌మైకా షీటును వేలితో తడిమి, గోటితో గీకి, "ఇందులో మైకా యాడుంది అబ్బయ్యా?" అని అడిగారు. కార్పెంటర్ నా మొహం చూశాడు. నేను కార్పెంటర్ మొహం చూశాను.

వెతికి తెలుసుకుంటే తేలిందేమంటే, లేదు. ఉన్నదంతా కాగితమే. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలను ఫినాలిక్ రెసిన్‌లో ముంచి, వాటిపైన డిజైన్ అచ్చువేసిన కాగితాన్ని మెలమిన్ పట్టించి పేర్చి, వేడి మీద గట్టిగా అదిమితే వచ్చే పలక అది. 1912లో అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డానియల్ ఒకానర్ అనే ఇద్దరు ఇంజినీర్లు కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌గా వాడే అభ్రకానికి బదులుగా ఈ తరహా సరుకును తయారుచేశారు. మైకాకి బదులు అనే అర్థంలోనే దానికి ఇంగ్లిషులో 'ఫర్ మైకా', అంటే ఫార్మికా, అని పేరు పెట్టారు. మన దగ్గరికొచ్చేసరికి, వనస్పతి అంతా డాల్డా అయినట్టు, సన్‌మైకా అనే బ్రాండు పేరు లామినేట్ మొత్తానికీ పేరైపోయింది.

సన్‌మైకా విషయంలో పేరు చూసి మోసపోయినా నష్టమేమీ లేదు. అదే అలవాటుతో ప్లైవుడ్, సింకు, షవరు, లైట్లు కొంటేనే జేబుకు చిల్లు. నాకు పడింది కాబట్టి చెప్తున్నాను.

అపోహ: మెరైన్ ప్లై వేయిస్తే నీళ్లు తగిలినా ఏం కాదు

ప్లైవుడ్‌లో మన షాపుల్లో దొరికే రకాలు ముఖ్యంగా మూడు. ఎంఆర్, అంటే కాస్త చెమ్మను తట్టుకునేది. బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటిని తట్టుకునేది. ఈ రెండూ ఐఎస్ 303 అనే ప్రమాణం కిందకొస్తాయి. మెరైన్ ప్లైకి ప్రమాణం వేరు, ఐఎస్ 710. తేడా ముఖ్యంగా జిగురులో ఉంటుంది. ఎంఆర్‌లో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్, మిగతా రెంటిలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఐఎస్ 710లో కలప ఎలాంటిది కావాలి, దానికి మందు పట్టించాలా అనే షరతులూ ఉన్నాయి. పేరున్న పరీక్ష మాత్రం జిగురుకే: ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు.

పొరలు విడిపోకపోవడం వేరు, చెక్క నీళ్లు పీల్చకపోవడం వేరు. మా సింకు కింది అరకు నిఖార్సయిన మెరైన్ ప్లైయే వేయించాను. పైపు జాయింటు దగ్గర చుక్కచుక్కగా కారుతున్న సంగతి చాలాకాలం ఎవరూ గమనించలేదు. ఒకరోజు ఫినాయిల్ సీసా కోసం వంగితే, కింది పలక ముందంచు దగ్గర సన్‌మైకా అప్పడంలా ఉబ్బి లేచి ఉంది. దాన్ని ఎత్తి చూస్తే వెనక నల్లటి బూజు. ప్లై పొరలు మాత్రం విడిపోలేదు, జిగురు తన మాట నిలబెట్టుకుంది. లోపం ఎక్కడంటే, కోసిన అంచుకు ఎడ్జ్ బ్యాండింగ్ అంటించలేదు. పని జరిగేటప్పుడు అడిగితే కార్పెంటర్ "అది కనబడదు కదా భయ్యా" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. నీళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ కనబడని అంచే.

ఇంకో సంగతి. ఎంఆర్ ప్లైని చాలా షాపుల్లో 'వాటర్‌ప్రూఫ్' అని నోటిమాటగా అమ్ముతారు. కాదు. అలాగని ఇల్లంతా మెరైన్ వేయించడం కూడా డబ్బు దండగే. సింకు కింద, బాత్రూం వాష్‌బేసిన్ కింద, బయటి గోడకు ఆనుకుని చెమ్మ దిగే చోట మెరైన్ వేయించండి. పొడిగా ఉండే పడగ్గది బీరువాకు బీడబ్ల్యూఆర్ ధారాళంగా సరిపోతుంది. బిల్లు మీద 'మెరైన్' అని రాసిస్తే ఒప్పుకోకండి, 'ఐఎస్ 710' అని రాయించుకోండి. షీటు కోయకముందే దానిమీది ఐఎస్ఐ ముద్రను, లైసెన్సు నంబరును ఫోన్లో ఫొటో తీసుకుని, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. ముక్కలు చేశాక ఏ షీటు ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకకు అసలు నీళ్లంటే లెక్కలేదు, అది నిజమే. బాత్రూం తలుపుకు, దాని ఫ్రేముకు భేషైన సరుకు. కానీ పొడవాటి అరగా వేసి పుస్తకాలు పేరిస్తే నడుం వంగుతుంది. స్క్రూలు కూడా మంచి ప్లైలో పట్టినంత గట్టిగా పట్టవు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అసలైన 304 స్టీలు

సింకు కొనడానికి వెళ్తే షాపువాడు జేబులోంచి అయస్కాంతం తీసి అంటించి, అది జారి కింద పడగానే గెలిచినట్టు చూస్తాడు. నేనూ ఆ ప్రదర్శనకు తలాడించి డబ్బు కట్టినవాణ్నే. ఆ పరీక్షతో తేలేది ఒక్కటే, అది 400 సిరీస్ స్టీలు కాదని. చవకరకమైన 202కి కూడా అయస్కాంతం అంటుకోదు.

304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైన లోహం. 202లో ఆ నికెల్‌ను తగ్గించి, బదులుగా మాంగనీసు కలుపుతారు. మెరుపు అదే, అయస్కాంతం దగ్గర తీరూ అదే. ఉప్పు, చెమ్మ తగిలిన చోట తుప్పును ఆపే శక్తి మాత్రం తక్కువ. తమాషా ఏంటంటే, అసలైన 304 సింకు మూలల్లో, రేకును నొక్కి వంచిన చోట, అయస్కాంతం కాస్త అంటుకోవచ్చు కూడా. లోహాన్ని చల్లగా ఉండగా వంచితే దానికా గుణం వస్తుంది. అది చూసి నకిలీ అని మంచి సింకును వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. మాంగనీసు ఎక్కువుందో లేదో రంగు మారి చెప్పే రసాయనపు చుక్కల కిట్లు దొరుకుతాయి. ఆ పరీక్ష చేయమని అడగండి, చేయనంటే గ్రేడు నంబరు బిల్లులో వేయించుకోండి.

విశాఖ బీచ్‌ రోడ్డులోనో, కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే బాల్కనీ రెయిలింగుకైతే 304 కూడా మచ్చలు పడుతుంది. అక్కడ మాలిబ్డినం కలిసిన 316 కావాలి. ఖరీదెక్కువే, కానీ ఉప్పుగాలి ధర చూసి ఊరుకోదు.

అపోహ: వెడల్పాటి రెయిన్ షవర్ పెడితే వాన కురుస్తుంది

షోరూంలో కురుస్తుంది. అక్కడ పంపు ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్నది ట్యాంకు. నీటి ఒత్తిడికి ఒక సులువు లెక్క ఉంది: 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీరు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. పై అంతస్తు ఇంట్లో షవరు 7 అడుగుల ఎత్తులో ఉంది, శ్లాబు 10 అడుగుల్లో, దానిమీద ట్యాంకు మరో 5 అడుగుల దిమ్మె మీద కూర్చుందనుకోండి. షవరుకూ ట్యాంకు అడుక్కూ మధ్య 8 అడుగులు. అంటే పావు బార్. పళ్లెమంత వెడల్పున్న షవర్లలో చాలావాటికి ఒక బార్ దాకా కావాలి. కాబట్టి పై అంతస్తువాళ్లకు వాన రాదు, చూరునీళ్లు కారతాయి. అదే బిల్డింగులో కింది అంతస్తుల్లో అదే షవరు హోరెత్తిస్తుంది. షవరు మార్చి లాభం లేదు. బూస్టర్ పంపు పెట్టించాలి, లేదంటే చిన్న తలకాయ షవరుతో సర్దుకోవాలి. పెట్టె మీద కనీస ఒత్తిడి ఎంత కావాలో రాసి ఉంటుంది, కొనేముందు అది చదవాలి.

కుళాయి మూతి దగ్గరి జల్లెడ, అంటే ఏరేటర్, నీళ్లు రానీయదని పీకి పారేసేవాళ్లున్నారు. అది నీటిలో గాలి కలిపి, తక్కువ నీటితోనే ధార నిండుగా కనిపించేలా చేసే పరికరం. ధార సన్నబడిందంటే లోపల బోరునీటి సున్నం పేరుకుందని అర్థం. విప్పి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కాసేపు నానబెట్టి కడిగితే సరి.

అపోహ: రాయి రాయే, వంటగట్టుకు ఏదైనా ఒకటే

ఇటాలియన్ మార్బుల్ మీద మోజుతో వంటగట్టుకు కూడా అదే పరిచేవాళ్లకు ఒక్కటే ప్రశ్న: మీ ఇంట్లో పులుసు పెట్టరా? మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండు రసం, నిమ్మరసం పడిన చోట పులుపు ఆ రాతిని కొద్దిగా తినేస్తుంది. మర్నాడు అక్కడ మెరుపు పోయి, గిన్నె అడుగు గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. అది తుడిస్తే పోయే మరక కాదు. సీలర్ పూసినా నూనె మరకలను ఆపుతుందేగానీ పులుపును ఆపలేదు.

ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా తిరిగే బ్లాక్ గెలాక్సీకి పులుపంటే భయం లేదు. పేరుకు గ్రానైటే గానీ, భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో అది గాబ్రో జాతి రాయి. అందులో తళుక్కుమనేవి బంగారు రేణువులు కావు, బ్రాంజైట్ అనే ఖనిజం. సన్‌మైకా కథే మళ్లీ.

క్వార్ట్జ్ అని అమ్మేది గనిలోంచి కోసుకొచ్చిన రాయి కాదు. 90 శాతానికి పైగా క్వార్ట్జ్ పొడి, పలుకులు, మిగతా రెసిన్, రంగులు కలిపి ఫ్యాక్టరీలో పోతపోసిన పలక. మరక పట్టదు, సీలర్ అక్కర్లేదు, నిజమే. కానీ దాన్ని పట్టి ఉంచేది రెసిన్. పొయ్యి మీంచి దించిన మూకుడును నేరుగా పెడితే ఆ చోట పసుపు పడొచ్చు, పగలొచ్చు. ఎండ పడే బాల్కనీ గట్టుకూ పనికిరాదు. అమ్మేటప్పుడు 'వేడికి ఏమీ కాదండీ' అన్న మాట మాత్రం ప్రతి షాపులోనూ విన్నాను.

ఈ క్వార్ట్జ్ పలకను కోసే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా చాలా ఎక్కువ. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి ఇంజినీర్డ్ స్టోన్‌ను నిషేధించింది. మీ ఇంట్లో కటింగ్ జరిగితే నీళ్లు పోస్తూ కోయమనండి, మాస్కు పెట్టుకోమనండి. దుమ్ము మీ పిల్లలు కూడా పీలుస్తారు.

అపోహ: సిమెంటుతో అంటించిన టైలు రాయిలా ఉంటుంది

విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు, దాని గొప్పే అది. పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటు పాలకు దానిమీద పట్టు దొరకదు. గోడమీద పెద్ద టైళ్లకు టైల్ అడెసివ్ వాడాల్సిందే. పని అయ్యాక రూపాయి బిళ్లతో ఒక్కో టైలూ తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే మేస్త్రి ఊళ్లో ఉండగానే పీకించండి.

అపోహ: తెల్లలైటు ఎక్కువ వెలుతురు, ఎక్కువ వాట్లు ఇంకా ఎక్కువ వెలుతురు

లోవోల్టేజీ రోజుల్లో బల్బులో తీగ ఎర్రటి దారంలా మినుకుమనేది. ఆ జ్ఞాపకం వల్లేమో, మన ఇళ్లలో పసుపు లైటంటే నీరసం, తెల్ల లైటంటే వెలుతురు. కానీ వెలుతురును కొలిచేది ల్యూమెన్లలో. వాట్లు కరెంటు ఖర్చు చెబుతాయంతే. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ 800 నుంచి 900 దాకా ఇస్తుంది. 2700 కెల్విన్లా, 6500 కెల్విన్లా అన్నది రంగు సంగతి. రాత్రిపూట నీలి ఛాయ ఎక్కువున్న 6500 నిద్రను చెడగొడుతుంది. పడగ్గదికి 2700 లేదా 3000, వంటగట్టు మీద 4000 చాలు.

ఫాల్స్ సీలింగ్ వేశాక ఎలక్ట్రీషియన్ పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గదికి ఆరు డౌన్‌లైట్లు, ఒక్కోటి 15 వాట్లవి, గీసిస్తాడు. అంటే సుమారు 8,000 ల్యూమెన్లు. ఆ గదికి రెండున్నర వేలుంటే హాయిగా పేపరు చదువుకోవచ్చు. మిగతాదంతా కళ్లలో గుచ్చుకోవడానికే.

అసలు చూడాల్సింది ఇంకోటుంది. చీరల షాపులో మా అత్తగారు ఏ పట్టుచీర నచ్చినా వెంటనే కొనరు. భుజాన వేసుకుని గుమ్మం దాకా నడిచి, ఎండలో ఒకసారి తిప్పి చూస్తారు. సేల్స్‌మన్ వెనకే పరుగు. ఆవిడ చేసేది సీఆర్ఐ పరీక్ష. ఎండను 100గా తీసుకుని, ఒక లైటు కింద రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె సీఆర్ఐ. నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. మన తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది ఆ నీలమే, దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత. ఎరుపు పాలు తక్కువ. అందుకే చవక లైటు కింద కుంకుమరంగు అంచు ఇటుకరంగులోకి దిగుతుంది, టమాటాలు వాడినట్టుంటాయి, అద్దంలో మన మొహం జ్వరమొచ్చినట్టుంటుంది. పైగా సీఆర్ఐ సగటు లెక్కలో ముదురు ఎరుపు లేనే లేదు, దానికి ఆర్9 అనే విడి అంకె ఉంది. డ్రెస్సింగ్ అద్దం దగ్గర, వంటింట్లో, భోజనాల బల్ల మీద 90కి పైగా సీఆర్ఐ ఉన్నవే తీసుకోండి.

50,000 గంటల జీవితం అని పెట్టె మీద ఉంటుంది. సాధారణంగా దాని అర్థం, అన్ని గంటలకు వెలుతురు 70 శాతానికి తగ్గుతుందని. ఆ లెక్క చిప్‌ది. ముందు పోయేది చిప్‌కు కరెంటును సర్ది ఇచ్చే డ్రైవర్, అందులోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. గాలాడని సీలింగ్ లోపల బిగించిన లైటు ఏడాదికే మినుకుమంటే ఆశ్చర్యం లేదు. డ్రైవర్‌ను విడిగా మార్చుకునే వీలున్న ఫిక్స్చర్ కొనండి, స్ట్రిప్ లైటును అల్యూమినియం ప్రొఫైల్‌లోనే అంటించమనండి.

లైట్లన్నీ ఒకేసారి ఆర్డరివ్వకండి. ఒక్కోరకం ఒక్కటి తెచ్చి, తాత్కాలికంగా వైరు లాగి, రెండు రాత్రులు ఆ గదిలోనే కూర్చుని చూడండి. ఇంట్లో ఉన్న ఎర్రంచు చీర ఒకటి పక్కనే పెట్టుకోండి.