ర్యాంకు కాదు... మీ కథ కావాలి!

నిన్నటి ఎంసెట్ అయినా, నేటి ఎప్‌సెట్ అయినా... మంచి ర్యాంకు వచ్చిందా, సీటు వచ్చినట్టే. కౌన్సెలింగ్‌లో ‘నువ్వెవరు? ఇప్పటిదాకా ఏం చేశావు?’ అని ఎవరూ అడగరు. ర్యాంకు చూస్తారు, కాలేజీ ఇస్తారు. మన పిల్లలకు అలవాటైన దారి ఇది. అదే అలవాటుతో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఇన్సియాడ్ లాంటి అంతర్జాతీయ బిజినెస్ స్కూళ్ల గుమ్మం తొక్కితే మాత్రం కంగు తినాల్సిందే! అక్కడా మార్కులు చూస్తారు. కానీ చూసి ఆగిపోరు. ‘ఇప్పుడు నీ గురించి చెప్పు’ అంటారు. బడిలోనూ కాలేజీలోనూ మనల్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

అందుకే జీమ్యాట్‌లో అదిరిపోయే స్కోరు తెచ్చుకున్నవారికీ ‘సారీ’ అంటూ ఈమెయిల్ వస్తుంటుంది. ‘నాకంటే తక్కువ వచ్చినవాడికి సీటెలా ఇచ్చారు?’ అని జుట్టు పీక్కుంటారు. ఆ ప్రశ్నకు జవాబు స్కోరు కార్డులో ఉండదు. దరఖాస్తులోని మిగతా పేజీల్లో ఉంటుంది.

సీట్లు వందల్లో... ఆశలు వేలల్లో

1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఎంబీఏలో ఏటా చేరేది దాదాపు 930 మంది. వచ్చే దరఖాస్తులు ఇటీవలి సంవత్సరాల్లో 8 వేల నుంచి 10 వేల మధ్య. స్టాన్‌ఫర్డ్‌లో సీట్లు నాలుగు వందల పైచిలుకే. అక్కడ దరఖాస్తు చేసిన ప్రతి వందమందిలో సీటు దక్కేది పదిమందికన్నా తక్కువకే! 1957లో పుట్టిన ఇన్సియాడ్‌ది మరో పద్ధతి. ప్యారిస్‌కు దగ్గర్లోని ఫాంటెన్‌బ్లోలో ఒక క్యాంపస్, 2000 నుంచి సింగపూర్‌లో మరొకటి. పది నెలల్లో చదువు పూర్తవుతుంది. జనవరిలో ఒక బ్యాచ్, ఆగస్టులో ఒక బ్యాచ్.

ఇంత పోటీ ఉన్నప్పుడు మార్కుల వరుసలో పైనుంచి తీసుకుంటే సరిపోతుంది కదా? సరిపోదు. హార్వర్డ్‌లో పాఠం ఎక్కువగా ‘కేస్ మెథడ్’లో సాగుతుంది. ఏదో ఒక కంపెనీకి ఎదురైన సమస్యను ముందు పెడతారు. మీరైతే ఏం చేస్తారో చెప్పమంటారు. దాదాపు తొంభై మంది కూర్చునే తరగతి అది. అందరూ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లే అయితే ఒకే జవాబు తొంభైసార్లు వస్తుంది. సైన్యంలో పనిచేసినవారు, ఆస్పత్రి నడిపినవారు, బ్యాంకులో అప్పులిచ్చినవారు, సొంత కంపెనీ పెట్టి చేతులు కాల్చుకున్నవారు... అందరూ ఉంటేనే చర్చ రక్తి కడుతుంది. అంటే స్కూలు ఎంచుకునేది ఒక్కొక్క విద్యార్థిని కాదు, ఒక తరగతిని.

మనవాళ్లకు అక్కడే చిక్కు. ఇంజినీరింగ్, క్యాంపస్ ఉద్యోగం, నాలుగైదేళ్ల అనుభవం, మధ్యలో కొన్నాళ్లు ఆన్‌సైట్... మనవైపు నుంచి వెళ్లే దరఖాస్తుల్లో ఇదో పెద్ద మూస. ఆ మూసలో ఉండటం తప్పేం కాదు. దరఖాస్తు కూడా మూసలా రాయడమే తప్పు.

జీమ్యాట్... గేట్ పాస్ మాత్రమే

ముందుగా పరీక్ష సంగతి. నాలుగేళ్ల క్రితం రాసిన అన్నయ్య చెప్పిన లెక్కలు ఇప్పుడు పనికిరావు. 2023 నవంబరులో జీమ్యాట్ కొత్త రూపంలో వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి పాత పరీక్ష లేదు. ఇప్పుడు మొత్తం సమయం 2 గంటల 15 నిమిషాలు. క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు విభాగాలు. ఒక్కోదానికి 45 నిమిషాలు. వ్యాసం లేదు, జామెట్రీ లేదు, వ్యాకరణ దోషాలు దిద్దే ప్రశ్నలూ లేవు. ఒక్కో విభాగంలో మూడు జవాబుల వరకూ వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది. పాత పరీక్షలో 700 అంటే కొత్తదాంట్లో సుమారు 645తో సమానం. కాబట్టి 655 వచ్చిందని ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు! స్కోరు ఐదేళ్లపాటు చెల్లుతుంది. జీమ్యాట్ బదులు జీఆర్ఈ స్కోరునూ పేరున్న స్కూళ్లు చాలావరకు ఒప్పుకుంటున్నాయి.

స్కోరు ముఖ్యమే. బాగా తక్కువైతే కష్టమే. అయితే ఒక స్థాయి దాటాక అది గేట్ పాస్ లాంటిది. లోపలికి రానిస్తుంది, కుర్చీ ఇప్పించదు. మరో ఇరవై పాయింట్ల కోసం ఆరునెలలు ధారపోసి, ఎస్సేలను చివరి వారంలో గిలికేసేవారు నష్టపోయేది ఇందుకే.

నామోషీ అనుకున్నదే మీ బలం

అసలు పరీక్ష ఎస్సేలో ఉంది. స్టాన్‌ఫర్డ్ ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న వినడానికి చాలా తేలిక... మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి, ఎందుకు? హార్వర్డ్ 2024లో తన పద్ధతి మార్చింది. ఒక పెద్ద ఎస్సే బదులు మూడు చిన్నవి అడిగింది. వ్యాపారం మీద ఆసక్తి, నలుగురినీ నడిపించిన తీరు, కొత్తది తెలుసుకోవాలన్న తపన... వీటి గురించి. ఎంఐటీ స్లోన్‌ది మరీ విచిత్రం. ఉద్యోగానికి రాసినట్టు ఒక కవర్ లెటర్, ఒక చిన్న వీడియో, మీ ఆఫీసులో ఎవరి కింద ఎవరున్నారో చూపే పటం... ఇవీ అది అడిగేవి.

ఈ ప్రశ్నలకు మనవాళ్లు రాసే జవాబులు సాధారణంగా ఎలా ఉంటాయంటే... ‘పన్నెండు మంది బృందానికి నాయకత్వం వహించాను. ప్రాజెక్టును గడువులోగా పూర్తిచేశాను. క్లయింట్ మెచ్చుకున్నారు.’ ఇందులో అబద్ధం లేదు. మనిషీ లేడు! ఈ మూడు వాక్యాలూ ఎవరి పేరు కింద పెట్టినా అతికిపోతాయి.

ఉదాహరణకు ఒక కుర్రాడిని ఊహించుకోండి. నాన్నది మండల కేంద్రంలో ఎరువుల దుకాణం. పదో తరగతి నుంచే సాయంత్రాలు కౌంటర్‌లో కూర్చున్నాడు. రైతులకు అరువివ్వాలి, పంట చేతికొచ్చాక వసూలు చేయాలి. ఎవరికి ఎంత ఇవ్వాలి? వానలు పడని ఏడాది బాకీ అడగాలా, వద్దా? అడిగితే మనిషి దూరమవుతాడు, అడక్కపోతే కొట్టు మూతపడుతుంది. అప్పు, నష్టభయం, నమ్మకం... బిజినెస్ స్కూల్ చెప్పే పాఠాలు కొన్ని ఆ ఖాతా పుస్తకంలోనే నేర్చుకున్నాడు. కానీ ఎస్సేలో ఆ ఊసే ఎత్తడు. ‘ఎరువుల కొట్టు గురించి హార్వర్డ్‌కు రాస్తారా ఎవరైనా? నామోషీ!’ అనుకుంటాడు. దాని బదులు ఏదో అనాథాశ్రమంలో రెండు ఆదివారాలు గడిపి దాని గురించి పేజీ నింపుతాడు.

చదివేవారికి తేడా ఇట్టే తెలిసిపోతుంది. వేల దరఖాస్తులు చూసిన కళ్లు అవి. గొప్ప పనులే చేసి ఉండాలని ఎవరూ అడగడం లేదు. చేసిన పనిలో మీరు ఏం ఆలోచించారు, ఎక్కడ తడబడ్డారు, తర్వాత ఏం మార్చుకున్నారు అనేదే వాళ్లకు కావాలి.

‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’

సిఫార్సు లేఖ మరో గండం. మన ఆఫీసుల్లో బాస్‌ను అడిగితే వచ్చే మొదటి మాట ఇదే కదా! ‘నాకు టైమ్ లేదు. నువ్వే రాసుకురా’ అంటారు. వద్దనే చెప్పాలి. స్కూళ్లు ఆ లేఖను నేరుగా బాస్ నుంచే ఆన్‌లైన్లో తీసుకుంటాయి. ఎస్సే, సిఫార్సు లేఖ ఒకే చేతిరాతలా వినిపిస్తే అనుమానం రాక మానదు. పైగా అక్కడ అడిగేవి పొగడ్తలతో నింపగలిగే ప్రశ్నలు కావు. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి ఫారంలో ‘ఈ వ్యక్తికి మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి? దాన్ని అతను ఎలా తీసుకున్నాడు?’ అని ఉంటుంది. మీలో లోపం ఉందని బాస్ ఒప్పుకోవాలన్నమాట!

ఇందుకు చేయాల్సింది ఒకటే. పెద్ద హోదా ఉన్నవారి వెంట పడకండి. మీ పనిని రోజూ దగ్గర్నుంచి చూసినవారినే అడగండి. రెండు నెలల ముందే కలవండి. కలిసి చేసిన పనులు గుర్తుచేయండి. రాయడం మాత్రం వారికే వదిలేయండి.

అద్దె కథలు దొరికిపోతాయి

‘డబ్బు కట్టండి, ఎస్సే మేం చూసుకుంటాం’ అనే కన్సల్టెన్సీలకు కొదవ లేదు. రాసింది చదివి లోటుపాట్లు చెప్పేవారి సాయం తీసుకోవడంలో తప్పులేదు. కథే వారి దగ్గర కొనుక్కోవడం ప్రమాదం. 2012లో లాస్ ఏంజిలిస్‌లోని అండర్సన్ స్కూల్ ఎస్సేలను కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించింది. ఇతరుల రాతలు ఎత్తిపోశారని తేలడంతో 52 మందిని తిరస్కరించింది. అంతకు ముందే పెన్‌స్టేట్‌లోని స్మీల్ కాలేజీలోనూ ఇదే జరిగింది. అక్కడ అడిగిన ఎస్సే అంశం ఏమిటో తెలుసా... విలువలతో కూడిన నాయకత్వం!

పరీక్షలో అడ్డదారులదీ అదే గతి. 2008లో స్కోర్‌టాప్ అనే వెబ్‌సైట్ జీమ్యాట్ అసలు ప్రశ్నలను బయటపెట్టిందని కోర్టులో తేలింది. పరీక్ష నిర్వాహకులు 84 మంది స్కోర్లు రద్దు చేశారు. సీటు వచ్చాక కూడా నిశ్చింత ఉండదు. ఉద్యోగం, జీతం, హోదా, సిఫార్సు చేసినవారు నిజమేనా అని స్కూళ్లు విడిగా ఆరా తీయిస్తాయి. తేడా కనిపిస్తే చేతికొచ్చిన సీటూ పోతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా తోడైంది. అడిగిన నిమిషంలో నున్నగా రాసిపెడుతుంది. కాకపోతే పక్కవాడికీ అలాగే రాసిపెడుతుంది!

ఇంకో సంగతి... ఎస్సే ఎవరితోనో రాయించుకున్నా ఇంటర్వ్యూకి వెళ్లాల్సింది మీరే. హార్వర్డ్‌లో అరగంట సాగే ఇంటర్వ్యూలో మీ దరఖాస్తును ముందే చదివినవారు ఎదురుగా కూర్చుంటారు. వార్టన్ 2012 నుంచి బృంద చర్చ పెడుతోంది. ఐదారుగురు అభ్యర్థులు 35 నిమిషాలు కలిసి ఒక సమస్యను తేల్చాలి. గొంతు పెంచినవారు గెలుస్తారనుకుంటే పొరపాటు. పక్కవారి మాట వింటున్నారా లేదా అన్నదీ చూస్తారు.

ఇల్లు తాకట్టు పెట్టేముందు...

ఇక డబ్బు సంగతి. హార్వర్డ్‌లో ఒక్క ట్యూషన్ ఫీజే ఏడాదికి 75 వేల డాలర్లు దాటింది. ఇంటద్దె, తిండి, బీమా కలిపి రెండేళ్లకు లెక్కేస్తే మన డబ్బులో రెండు కోట్ల పైమాటే! అయితే ఈ అంకె చూసి దరఖాస్తే మానుకోవద్దు. హార్వర్డ్‌లో దాదాపు సగం మందికి అవసరాన్ని బట్టి స్కాలర్‌షిప్ అందుతుంది. 1892లో మొదలైన జేఎన్ టాటా ఎండోమెంట్ విదేశీ చదువులకు రుణ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ఆదాయ పరిమితి, ఇతర నిబంధనలు దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి.

తిరిగి చెల్లించే లెక్కనూ ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి. అమెరికా ఉద్యోగం వస్తుందన్న ఒక్క నమ్మకం మీదే అప్పు చేయడం మంచిది కాదు. హెచ్1బీ వీసాలు లాటరీలో తేలతాయి. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి కొత్తగా రప్పించే హెచ్1బీ ఉద్యోగులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. రూల్స్ ఎప్పుడు మారతాయో చెప్పలేం. ‘ఇండియాకు తిరిగొస్తే వచ్చే జీతంతో ఈ అప్పు తీరుతుందా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే ఇంటి పత్రాలు బీరువాలోంచి బయటికి తీయండి.

ఎప్పుడు ఏం చేయాలి?

* అమెరికా స్కూళ్లలో సాధారణంగా మొదటి రౌండు గడువు సెప్టెంబరులో, రెండో రౌండుది జనవరి మొదట్లో. ఈ రెండింటిలోనే సీట్లు చాలావరకు నిండిపోతాయి.
* జనవరి నుంచి మే: జీమ్యాట్ లేదా జీఆర్ఈ పూర్తిచేయండి. నచ్చిన ఐదారు స్కూళ్లను ఎంచుకోండి.
* జూన్: సిఫార్సు చేసేవారిని కలవండి. స్కూళ్లలో చదివినవారితో మాట్లాడండి.
* జులై, ఆగస్టు: ఎస్సేలు. రాసి వారం పక్కన పెట్టండి, మళ్లీ చదవండి. మిమ్మల్ని బాగా ఎరిగిన స్నేహితుడికి చూపించండి. ‘ఇది నువ్వేరా’ అంటే పాసైనట్టే!

రాకపోతే కొంపేం మునగదు

ఒక ఏడాది తిరస్కరించిన స్కూలుకే మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. ఈ మధ్యలో ఏం మారిందో చెప్పగలగాలి, అంతే. ఉద్యోగం మానేసి వెళ్లడం ఒక్కటే దారి కూడా కాదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి చదువుకున్నారు. 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. అదే స్కూలు పూర్వ విద్యార్థి, 2007లో అడోబీ సీఈవో అయిన శంతను నారాయణ్ కూడా ఉద్యోగంలో ఉంటూనే బర్క్‌లీలో ఎంబీఏ చేశారు. సముద్రం దాటకుండానే చదవాలనుకుంటే 2001లో గచ్చిబౌలిలో మొదలైన ఐఎస్‌బీ ఉంది. వార్టన్, కెలాగ్, లండన్ బిజినెస్ స్కూళ్ల తోడ్పాటుతో పుట్టిన సంస్థ అది. జీమ్యాట్ స్కోరు, ఎస్సేలు, ఇంటర్వ్యూ... అక్కడా ఇదే వరస.

సీటు రావచ్చు, రాకపోవచ్చు. కానీ ‘నాకు ఏది ముఖ్యం? ఇప్పటిదాకా ఏం చేశాను? ఇక ముందు ఏం చేయాలి?’ అని కొన్ని నెలలపాటు నిజాయతీగా ఆలోచించినవారికి ఆ కసరత్తు ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది. అద్దెకు తెచ్చుకున్న కథతో ఆ లాభం కూడా దక్కదు. అందుకే కన్సల్టెన్సీ ఫోన్ నంబరు వెతికేముందు ఒక తెల్లకాగితం, పెన్ను తీసుకోండి. మొదటి వాక్యం మీరే రాయండి!