రాత్రి 2 గంటలకు కళ్లలో ఇసుక!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. కళ్లే నాకు అన్నం పెడతాయి. ఆ కళ్లతోనే ఓ ఆదివారం ఆటలాడాను.

ఊళ్లో మా ఇంటి గేటు బందు ఊడింది. ఆన్‌లైన్‌లో చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ తెప్పించా. ఇంజినీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో రెండు ఇనప ముక్కలు అతికించిన ధైర్యం మరి! మిషన్‌తో నల్లద్దం ఇచ్చారు. అది ఒక చేత్తో, రాడ్ ఒక చేత్తో పట్టుకుంటే గేటునెవరు పట్టుకుంటారు? కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని కానిచ్చేశా.

సాయంత్రం దాకా ఏమీ లేదు. అర్ధరాత్రి దాటాక కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు. అమ్మ బంగాళాదుంప ముక్కలు పెట్టింది కానీ తగ్గలేదు. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాల్చాయని తెల్లారి కంటి డాక్టర్ చెప్పారు. ఈ నొప్పి కొన్ని గంటలాగి వస్తుంది. అదే దీని మోసం. రెండ్రోజులు లీవు పెట్టి చీకటి గదిలో పడుకున్నా.

ఇంత చేస్తే, గేటు వారానికే మళ్లీ ఊడింది! అప్పుడెళ్లా వెల్డింగ్ షాపు బాబాయ్ దగ్గరికి. "తుప్పు మీద, రంగు మీద అతుకు నిలుస్తుందా బాబూ?" అంటూ గ్రైండర్‌తో తెల్లటి ఇనుము తేలేదాకా గీకాడు. ఎర్త్ క్లాంపు కూడా గీకిన చోటే పట్టించాడు. 2.5 ఎం.ఎం. రాడ్‌కి నేను 120 ఆంప్స్ పెట్టా. అందుకే చిల్లు పడింది. 6013 రాడ్‌కి 80 దగ్గర మొదలుపెట్టమన్నాడు. రాడ్ మొనకీ ఇనుముకీ మధ్య రాడ్ మందమంత ఎడమే ఉండాలి. కుదిరితే బజ్జీలు వేగినట్టు ఒకే చప్పుడు వస్తుంది. నాకు టపటపమని పేలేది.

ఇప్పుడు తలకు తగిలించుకునే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ వాడుతున్నా, షేడ్ 10. తోలు గ్లౌజులు, బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా సరేసరి. సింథటిక్ బట్ట మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికే అంటుకుంటుంది. తడి నేల మీద అసలు వద్దు. పైన పెచ్చు కొట్టేటప్పుడు సేఫ్టీ కళ్లజోడు ఉండాలి, వేడి ముక్క కంట్లోకే ఎగురుతుంది. జి.ఐ. పైపైతే జింకు పూత గీకేసి ఆరుబయట చేయండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే.

బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు ఉత్త కళ్లతోనే అతికిస్తుంటే, అతనికీ ఓ హెల్మెట్ కొనిచ్చా. మొన్న వెళ్తే గోడకి వేలాడుతోంది. లోపల ఉక్కపోస్తోందట.