పలక మీద బలపం, ముఖాన పౌడరు - రెండూ ఒకే రాయి!

తిరునాళ్లకు వెళితే పౌడరు డబ్బా కొనకుండా వచ్చే ఆడపడుచులు తక్కువ. పెళ్లికూతురి ముస్తాబుకు, పసిబిడ్డ స్నానానికి కూడా పౌడరు కావలసిందే. అయితే మూత తీసి వాసన చూసేవారే గాని, లోపలి పొడి ఏమిటని అడిగేవారు అరుదు.

చాలా పౌడర్లలో ముఖ్యమైన సరుకు ఒక రాయి. పిల్లలు పలక మీద రాసే బలపం జాతి రాయే అది. పేరు టాల్క్. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. కర్నూలు, అనంతపురం సీమల్లో ఈ రాతి గనులు ఉన్నాయి.

రాయిని బట్టే రకం

టాల్క్ పలుచని పొరలుగా ఉంటుంది. ఆ పొరలు ఒకదానిపై ఒకటి జారడం వల్లనే పొడికి నునుపు వస్తుంది. ఇసుక వంటి గట్టి రాయి కలిస్తే చర్మానికి గరుకు తగులుతుంది. అంతకంటె ప్రమాదం రాతినార. కొన్ని గనులలో టాల్క్ పక్కనే ఇదీ ఉంటుంది. దీని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. అందుకే గని ఎంపిక, రాతి పరీక్ష ముఖ్యం. అమెరికాలో వేలాది దావాలు ఎదుర్కొన్న జాన్సన్ అండ్ జాన్సన్, తమ పౌడరులో రాతినార లేదంటూనే, 2023లో ప్రపంచమంతటా టాల్క్ బేబీ పౌడరు మానివేసి మొక్కజొన్న పిండికి మారింది.

విసురు, జల్లెడ, కలుపు

పిండి బరకగా ఉంటే అట్టు చెడినట్టే, పొడి బరకగా ఉంటే ముఖాన మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. మరీ మెత్తనైతే గాలికి లేచి ముక్కులోకి పోతుంది. టాల్క్ ఒక్కటే చర్మానికి బాగా అంటదు. అంటుకోవడానికి జింక్ స్టియరేట్, చెమట పీల్చడానికి తెల్లని చీనామట్టి, తెలుపుకు జింక్ ఆక్సైడ్, చామనఛాయకు ఇనుప ఆక్సైడు రంగులు కలుపుతారు. రంగును పొడితో బాగా నూరకపోతే ముఖాన చారలు తేలతాయి.

బిళ్ల పౌడరుకు కొద్దిగా నూనె చేర్చి యంత్రంతో అదుముతారు. ఒత్తిడి చాలకపోతే బిళ్ల పగులుతుంది. ఎక్కువైతే రాయిలా బిగిసి, అద్దే దూదికి పొడి అంటదు.

కొనేటప్పుడు

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ డబ్బా మీద ఉండాలి. అవి లేని విడి పొడి ఎంత చవకైనా వద్దు. చిటికెడు పొడి వేళ్ల మధ్య రుద్ది చూడండి. గరుకు తగిలితే వదిలేయండి. ఘాటైన సువాసన మంచి సరుకుకు గుర్తు కాదు.

పసిబిడ్డ ముఖాన మాత్రం పౌడరు చల్లకండి. ఆ పొడి ఊపిరితో లోనికి పోతే బిడ్డకు ఆయాసం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. స్నానం కాగానే మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దితే బిడ్డకు అదే చాలు.