మంద ఏ దిక్కుకు కదలాలి?

కోతలు, నీళ్లు, వంతెనలే కాపరుల బిడారుకు దిక్సూచి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: వానాకాలం వరి కోతలు మొదలైతే ఉమ్మడి పాలమూరు పల్లెల్లో గొర్రెల మందలు బయలుదేరే వేళ దగ్గరపడినట్లే. ఊరి బీళ్లు ఎండిపోతాయి. కుంటల్లో నీరు ఇంకిపోతుంది. నాలుగైదు కుటుంబాలు తమ జీవాలను ఒక్కచోట చేర్చి, గొంగళ్లు, వంట పాత్రలు సర్దుకుని నెలల తరబడి సాగే బాట పడతాయి. ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోసుకుని దక్కన్ అంతటా తిరిగిన లంబాడీల బిడారులు రైళ్లు, లారీల రాకతో కనుమరుగయ్యాయి. గొల్ల, కురుమ కాపరుల బిడారు మాత్రం నేటికీ ఆగలేదు.

2019 నాటి 20వ పశుగణనలో 1.90 కోట్లకు పైగా గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇన్ని జీవాలకు ఏడాది పొడవునా సొంత ఊరిలో మేత దొరకదు. అందుకే బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి మాట ఒక్కటే: ఏ దిక్కుకు? దిక్కు తప్పితే మేత లేక మంద చిక్కిపోతుంది. చూడి గొర్రెలు ఈసుకుపోతాయి. ఏడాది కష్టం దారిలోనే పోతుంది.

కాలువ వెంట కోతల వరుస

దూరం తక్కువని ఏదో ఒక దిక్కు ఎంచుకోవడం సరికాదు. కోతలు ఏ వరుసలో సాగుతాయో చూసుకోవాలి. కాలువ తలాపున ఉన్న పొలాలకు ముందుగా నీరు అందుతుంది. నాట్లు ముందు, కోతలూ ముందే. చివరి భూములకు ఇవన్నీ ఆలస్యం. మంద ఎగువ నుంచి దిగువకు నడిస్తే ప్రతి మజిలీలో అప్పుడే కోసిన మడి ఎదురవుతుంది. దిగువ నుంచి మొదలుపెడితే కోయని పైరు ముందు నిలబడవలసి వస్తుంది. జీవాలు చేలో పడి తగవులు వచ్చేది ఎక్కువగా అక్కడే.

వరికోత యంత్రాలు వచ్చాక ఈ లెక్క మరింత బిగుసుకుంది. కోత ముగిసిన కొద్ది రోజులకే యాసంగి దుక్కులు మొదలవుతున్నాయి. కొందరు కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. మంద వారం ఆలస్యమైతే మేత ఉండదు.

మూడు దారులు

దక్షిణ దారి: జూరాల, ఆర్డీఎస్ ఆయకట్టుల మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు-కడప కాలువ పొలాలకు చేరవచ్చు. గద్వాల నుంచి కర్నూలుకు దాదాపు 60 కిలోమీటర్లు. రోజుకు పది కిలోమీటర్ల చొప్పున నడిచినా ఆరు రోజులు. దారిలో నడిగడ్డ విత్తన పత్తి చేల వద్ద జాగ్రత్త అవసరం. పురుగుమందు చల్లిన చేలో మేపితే జీవాలకు ముప్పు.

తూర్పు దారి: నాగర్‌కర్నూల్, అచ్చంపేట, డిండి, దేవరకొండ మీదుగా హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు చేరుతుంది. ఇది దూరాభారం. కానీ వరి విస్తీర్ణం ఎక్కువ.

నల్లమల దారి: ఒకప్పుడు వేసవి మేతకు పెద్ద దిక్కు అడవే. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని కీలక ప్రాంతంలో మేపడం నిషిద్ధం. అడవి అంచు గ్రామాల్లో ఆగదలచినవారు ముందే అటవీ సిబ్బందిని అడిగి హద్దులు తెలుసుకోవాలి.

మూడింటిలో ఏది మేలన్నది ఏటికేడు మారుతుంది. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు లేక జలాశయాలు నిండలేదు. అలాంటి ఏడాది కాలువను నమ్ముకుని బయలుదేరితే నష్టమే. కాబట్టి సెప్టెంబరులోనే జూరాల, శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు గమనించాలి. ఇటు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు వచ్చాక ఇక్కడి బీళ్లు కొన్ని మాగాణులయ్యాయి. కొన్ని పాత మందబాటలు పొలాల్లో కలిసిపోయినా, కోసిన మళ్లు ఇంటికి దగ్గరలోనే దొరుకుతున్నాయి. దూరం వెళ్లే ముందు వీటినీ లెక్కలోకి తీసుకోవాలి.

నది దాటే చోటు

కృష్ణ దాటేందుకు 44వ జాతీయ రహదారిపై బీచుపల్లి వంతెన, ఎగువన జూరాల ఆనకట్ట దారి ఉన్నాయి. శ్రీశైలం వెనుక జలాలు పరుచుకున్న కొల్లాపూర్ తీరంలో వందలాది జీవాలకు పడవలు అక్కరకు రావు. అందుకే దాటే చోటును ముందే ఖాయం చేసుకుని, దానికి ఇటూ అటూ మజిలీలు పెట్టుకోవాలి. రహదారి వంతెనను తెల్లవారాకే దాటించాలి. మందకు ముందొకరు, వెనుకొకరు ఎర్ర గుడ్డతో నడవాలి. చీకట్లో వేగంగా వచ్చే లారీకి మంద కనిపించదు.

తిరుగు లెక్క ముందే

అనుభవజ్ఞులు తిరిగి వచ్చే రోజును ముందుగా నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కడతారు. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె వస్తుంది. విత్తనాలు పడితే చేల మీదుగా దారులు మూసుకుపోతాయి. దుందుభి వంటి వాగులు పొంగుతాయి. ఊరికి 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న మందకు నడకకే పదిహేను రోజులు కావాలి. ఎండల్లో ఉదయం, సాయంత్రమే నడక కనుక మే మొదటి పక్షంలోనే ముఖం ఇంటివైపు తిప్పాలి.

బయలుదేరే ముందు

* పీపీఆర్, బొబ్బ రోగం టీకాలు కనీసం పక్షం రోజుల ముందే వేయించాలి. నట్టల మందు తాగించాలి.
* ఈనే దశలో ఉన్న గొర్రెలను దూర ప్రయాణానికి తోలరాదు. గొర్రె చూడి కాలం సుమారు ఐదు నెలలు. ఆ లెక్కతో విడదీయాలి.
* రాష్ట్ర సరిహద్దు దాటేవారు పశువైద్యుని ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. అంటువ్యాధి ప్రబలిన ప్రాంతంలో పశువుల రాకపోకలను 2009 నాటి కేంద్ర చట్టం కింద నిలిపివేయవచ్చు.
* జొన్న కోసిన చేలో లేత పిలకలు విషపూరితం. ఆకలిగా ఉన్న మందను అటు వదలరాదు. రాలిన ధాన్యం అతిగా తిన్నా ప్రమాదమే.
* దారిలో జబ్బు చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

రైతుకూ మేలే

మంద పొలంలో రాత్రి ఆగితే ఎరువు ఖర్చు తగ్గుతుంది. ఎన్ని రాత్రులు, ఎంత ధాన్యం లేదా డబ్బు, తాగునీరు ఎక్కడ అన్నది ఇద్దరు గ్రామస్థుల ఎదుట ముందే మాట్లాడుకుంటే తగవు రాదు. కోత తేదీని, దుక్కి తేదీని రైతు నాలుగు రోజుల ముందు ఫోన్‌లో చెబితే చాలు, మంద దారి మార్చుకోవచ్చు. పాలమూరు కాపరికి వచ్చే నష్టాల్లో కొన్ని ఆ ఒక్క మాట అందకపోవడం వల్లే. ఆ మాట చెప్పిన రైతు చేనుకే తర్వాతి ఏడు మంద ముందుగా వస్తుంది.